సమీక్షకు రెండు ప్రతులు

మా ఆయన పుస్తకం అచ్చయి వచ్చిన రోజు ఇంట్లో జరిగిన మొదటి పని సంచి సర్దడం. రెండు జతల బట్టలు, తువ్వాలు, బీపీ మాత్రలు, కళ్ళజోడు, అది పగిలితే పెట్టుకోడానికి పాత కళ్ళజోడు. జిప్పు లాగి సంచిని వీధి తలుపు పక్కన చెప్పుల స్టాండు మీద పెట్టారు. "ఎప్పుడొస్తారో తెలీదు. వాళ్ళు వచ్చి నిలబడ్డాక మాత్రల కోసం వెతుక్కుంటే బాగోదు," అన్నారు, బస్సుకి టైమవుతోందన్నంత మామూలుగా.

ఎవరొస్తారని నేను అడగలేదు. నిఘా విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి, ఆ విభాగం లోపల ఏం జరుగుతుందో పుస్తకం రాస్తే ఎవరొస్తారో ఇంట్లో మిషను కుట్టుకునే నాకైనా తెలుసు. భయమేసింది. భయం కంటే ఎక్కువగా ఒళ్ళు మండింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కట్టుకున్న దానికి ఒక్క ముక్క చెప్పని మనిషి, ఇప్పుడు ఊరందరికీ అచ్చువేసి చెబుతున్నారు. పెళ్ళయిన కొత్తలో "ఆఫీసులో ఏం చేస్తారండీ?" అంటే "ఫైళ్ళు" అన్నారు. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ అడిగితే "అవే ఫైళ్ళు" అన్నారు. ఇక అడగడం మానేశాను. బెల్లం కొట్టిన రాయితో కాపురం చేస్తున్నానురా అని మా తమ్ముడితో నవ్వుతూ అనేదాన్ని. నవ్వుతూ అన్నానే గానీ, పక్కన మనిషి ఉండగా ఒంటరిగా ఉండడం ఎలాంటిదో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

అది ఎండాకాలం. బడులు తెరిచేలోపు యూనిఫారాలన్నీ కుట్టి ఇచ్చెయ్యాలి. మా ముందుగదే నా కుట్టుపని గది. కిటికీ పక్కన మిషను, గోడ వెంబడి కత్తిరించే బల్ల, ఒక మూల నీలం గుడ్డ తానులు, ఇంకో మూల తెల్ల గుడ్డ తానులు. ఆ ఏడు వాటి మధ్యలోకి పుస్తకాల కట్టలు కూడా వచ్చి చేరాయి. కుర్చీ మీంచి ఒక కట్ట దింపితే గానీ కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకి కూర్చునే చోటు లేదు.

మిషనుకు ఎదురుగా గోడకి ఒక ఫ్రేము ఉండేది. మా తమ్ముడి పేరుతో పేపర్లో పడిన మొట్టమొదటి వార్త, అదీ మొదటి పేజీలో. అమ్మ దాన్ని కత్తిరించి అద్దం కట్టించింది. ఆఖరి రోజుల్లో మా ఇంటికి వచ్చేటప్పుడు తనతో తెచ్చుకుంది, ఆవిడ పోయాక అది ఇక్కడే ఉండిపోయింది. ఆ వార్త ఏదో టీచర్ల సమ్మె గురించి అని తప్ప నేనెప్పుడూ పట్టించుకుని చదవలేదు. వాడి పేరు చూసుకుని మురిసిపోవడం, వారానికోసారి తడిగుడ్డతో అద్దం తుడవడం, అంతే. ఇప్పుడు అదే పేపర్లో ఆదివారం వచ్చే పుస్తకాల పేజీ వాడి చేతిలో ఉంది.

పుస్తకం వచ్చిన ఆదివారమే వాడు భోజనానికి వచ్చాడు. గుమ్మంలోనే సంచి చూసి ఆగాడు.

"ఏం బావా, ఇంకా తీసుకుపోలేదా మిమ్మల్ని?"

"నువ్వొచ్చి చూసి వెళ్ళాక బయల్దేరదామని ఆగమన్నాన్రా," అన్నారు ఈయన.

"అక్కా, జైల్లో వేసుకోడానికి రెండు యూనిఫారాలు కుట్టి పెట్టు. ఆయన కొలతలు నీకు తెలుసుగా!"

"నీకూ ఒకటి కుడతాను, ఊరికే ఉండు," అన్నాను. వాడు వచ్చాడంటే ఇల్లు ఇల్లులా ఉండేది. మా ఆయన నోరు తెరిచేది కూడా వాడి దగ్గరే.

భోజనాలయ్యాక చెయ్యి చాపాడు. "సమీక్షకు రెండు ప్రతులు, బావా. బావైనా సరే, రూలు రూలే. ఒకటి రాసేవాడికి, ఒకటి ఆఫీసుకి."

ఈయన రెండు పుస్తకాలు తీసిచ్చారు గానీ వెంటనే వదల్లేదు. "ముందు నువ్వు చదువు. చదివాక మాటివ్వు."

"చదివేదేముంది, మా బావ పుస్తకం! పేజీ పైభాగంలో వేస్తాను, ఫోటోతో సహా. కాస్త జుట్టు దువ్వుకుని ఒక ఫోటో దిగండి."

"పైన అక్కర్లేదురా. అడుగున నాలుగు ముక్కలు వేసినా చాలు. కానీ మీ పేపర్లోనే రావాలి."

"మా పేపరంటే అంత మోజేంటి మీకు?"

"అక్కడే రావాలి," అని ఈయన మళ్ళీ అన్నారు. నేను పళ్ళాలు తీస్తూ విన్నాను. బావమరిది పేపరు కదా, ముచ్చట పడుతున్నారనుకున్నాను.

ఆ పుస్తకం నేను మిషను దగ్గరే చదివాను. ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు ఒక పేజీ, బాబిన్‌కి దారం చుట్టుకునేలోపు అరపేజీ. మా ఆయన ఇంత మాటకారని నాకు తెలీదు. ఇన్నేళ్ళలో ఈయన నాతో మాట్లాడినదంతా కూడగట్టినా ఆ పుస్తకమంత కాదు. ఎవరో పరాయి మనిషి పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుంది, వింటుంటే బాగుంది, బాగున్నందుకు ఏడుపొచ్చింది.

ఈయన పని ఫైళ్ళు కాదు, వార్తలు. విభాగానికి గిట్టనివాళ్ళ మీద పేపర్లకి ఉప్పందించడం. అందులో కొంత నిజం ఉండేదట, కొంత ఈయన కుర్చీలో కూర్చుని అల్లినది. 'విశ్వసనీయ వర్గాల సమాచారం ప్రకారం' అని పేపర్లో పడిందంటే, ఆ వర్గాలు పొద్దున మా ఇంట్లో టిఫిను తిని, చొక్కాకి గుండీ ఊడిందని నా చేత కుట్టించుకుని వెళ్ళిన మనిషే.

తర్వాత టీచర్ల సమ్మె గురించిన అధ్యాయం వచ్చింది. సమ్మె నడిపింది ఒక లెక్కల టీచరమ్మ. ఎంత బెదిరించినా టీచర్లు ఆవిడ మాట జవదాటలేదట. అప్పుడు పైవాళ్ళు ఈయనకి పని అప్పగించారు. ఆవిడకి విదేశాల నుంచి డబ్బు ముడుతోందని ఈయన ఒక వార్త తయారుచేశారు. అందులో ఒక్క అక్షరం నిజం లేదు. 'అప్పుడే ఉద్యోగంలో చేరిన ఒక కుర్ర విలేకరికి దాన్ని ఇచ్చాను,' అని రాశారు. 'నేను ఇంటి మనిషిని కాబట్టి అతను నన్ను ఏమీ అడగలేదు.' వార్త పడగానే టీచర్లు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. సమ్మె విరిగింది. ఆవిడ ఉద్యోగం పోయింది. విచారణ అన్నారు గానీ అది ఎప్పుడూ జరగలేదు.

తలెత్తాను. ఎదురుగా ఫ్రేము ఉంది. మిషను మీంచి లేచి వెళ్ళి, ఆ వార్తని మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా చదివాను.

"ఏవండీ," అని పిలిచాను. ఈయన లోపలి గదిలో పుస్తకాల కట్టకి తాడు కడుతున్నారు. "ఈ కుర్ర విలేకరి మావాడేనా?"

"ఊఁ."

"వాడికి తెలుసా?"

"చదివితే తెలుస్తుంది."

"ఇన్నేళ్ళూ నేను దీన్ని తుడుస్తుంటే మీరు చూస్తూ కూర్చున్నారు కదండీ!"

తాడు వదిలేసి వచ్చి బల్ల అంచు మీద కూర్చున్నారు. "ఒకసారి తీసేద్దామని కుర్చీ వేసుకుని ఎక్కాను. మీ అమ్మగారు లోపల్నుంచి వచ్చారు. ఏం చేస్తున్నావయ్యా అన్నారు. అద్దం తుడుస్తున్నానని చెప్పి, తుడిచి దిగాను."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "ఆ టీచరమ్మ ఈ ఊళ్ళోనే ఉందని మీరే రాశారుగా. వెళ్ళి ఆవిడతోనే చెప్పొచ్చుగా?"

"ఊరందరి చేతా చదివించాను. ఇప్పుడు ఆవిడొక్కదాని చెవిలో చెప్పి చేతులు దులుపుకోమంటావా? అబద్ధం ఏ పేపర్లో పడిందో ఇదీ ఆ పేపర్లోనే పడాలి. అప్పుడు వెళ్తాను ఆవిడ దగ్గరికి. అంతదాకా ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?"

మీ పేపర్లోనే రావాలని ఎందుకంత పట్టుబట్టారో అప్పుడర్థమైంది. దానికోసమే ఈ పుస్తకం. సంచి కూడా దానికోసమే. తీసుకుపోతే పోనీ, అదైనా పేపర్లో పడుతుంది కదా అని.

తర్వాతి ఆదివారం తెల్లవారగానే పేపరు విప్పారు. లేదు. ఆ పై ఆదివారమూ లేదు. వాడి పేజీలో అడుగున 'అందిన పుస్తకాలు' అని చిన్న అక్షరాలతో ఒక వరస ఉంటుంది, ఎవరు ఏ పుస్తకం పంపినా పేరూ వెలా వేసేస్తారు. పెరటి మొక్కల పెంపకం వేశారు. మోకాళ్ళ నొప్పులకు వ్యాయామాలు వేశారు. ఈయనది అందులోనూ లేదు. మిగతా పేపర్లన్నీ కొనుక్కొచ్చి నా కత్తిరింపు బల్ల మీద పరిచేవారు. నేను గుడ్డ పరుచుకోడానికి చోటు లేక విసుక్కునేదాన్ని, ఆయన ముఖం చూసి ఊరుకునేదాన్ని.

ఈయనకి తెలియని ఎడిటరు లేడు. ఒకప్పుడు ఈయన ఫోన్ చేస్తే మీటింగుల్లోంచి లేచి వచ్చి మాట్లాడినవాళ్ళు. "చాలా ధైర్యం చేశారు సార్," అనేవాళ్ళు ఇప్పుడు. "తప్పకుండా చూస్తాం సార్." రెండోసారి చేస్తే మీటింగులో ఉన్నారని చెప్పేవాళ్ళు. పొగడ్త అక్కర్లేదు, కనీసం తిట్టొచ్చుగా, అబద్ధమని రాయొచ్చుగా అని గదిలో అటూ ఇటూ తిరిగేవారు. ఎవరూ తిట్టలేదు. పుస్తకాన్ని ఎవరూ ఆపలేదు, కేసు పెట్టలేదు, ఒక్క బెదిరింపు ఫోనైనా రాలేదు. ఎక్కడా ఉలుకూ లేదు పలుకూ లేదు.

ఒక మధ్యాహ్నం మా గేటు ముందు పోలీసు మోటారుసైకిలు ఆగింది. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఈయన లేచారు. తొందరేమీ పడలేదు. కూర్చుని బూట్లు తొడుక్కుని, లేసులు బిగించి, సంచి భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డారు. చెబితే నమ్మరు, ఆయన ముఖంలో వెలుగుంది.

కానిస్టేబులు టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "అమ్మా, మా పాప గౌను అయిందాండీ? బడి తెరిచేస్తారు, వాళ్ళమ్మ నన్ను బతకనివ్వట్లేదు." తర్వాత ఈయన్ని చూశాడు. "ఊరెళ్తున్నారా సార్?"

"అనుకున్నానండీ," అన్నారు ఈయన. "ఇంకా ఖాయం కాలేదు."

అతను గౌను తీసుకుని వెళ్ళేదాకా ఆపుకుని, ఆ తర్వాత పగలబడి నవ్వాను. నవ్వుతూ వెనక్కి తిరిగి చూస్తే ఈయన చెప్పుల స్టాండు పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. లేసు ముడి పడిపోయింది, విప్పుకోలేకపోతున్నారు. నేనే కూర్చుని విప్పాను.

మా తమ్ముడు ఆ రోజుల్లో రావడం తగ్గించాడు. ఒకసారి తలనొప్పన్నాడు, ఒకసారి పనన్నాడు. ఆఖరికి వారం మధ్యలో, బావ ఇంట్లో ఉండడని తెలిసిన వేళ చూసుకుని వచ్చాడు. సంచి వైపు చూశాడు గానీ జోకు వెయ్యలేదు. ఫ్రేముకి వీపు పెట్టి కూర్చున్నాడు. చేతిసంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

గుర్తుపట్టలేకపోయాను. కొత్తగా పెళపెళలాడుతూ ఇచ్చిన పుస్తకం. ఇప్పుడు అట్ట మూలలు విరిగి, పేజీలు ఉబ్బి, మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా అంటుకుని ఉంది.

"ఇదేంట్రా ఇలా అయిపోయింది?"

"ఆఫీసులో అందరూ చదివారక్కా. ఎడిటర్ దగ్గర్నుంచి ప్రూఫులు దిద్దే ఆయన దాకా. ఒకళ్ళ బల్ల మీంచి ఒకళ్ళు పట్టుకుపోయారు. క్యాంటీన్లో ఎక్కడ చూసినా ఇదే మాట."

"మరి?"

"మరేముంది, ఎవరూ రాయనంటున్నారు."

"పైనుంచి ఎవరైనా వద్దన్నారా?"

"అదేగా నా ఏడుపు! ఎవరూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడేవాణ్ణి. ఎడిటర్ 'చూద్దాం' అన్నాడు. సమీక్షలు రాసేవాళ్ళనడిగితే ఒకడు నా సబ్జెక్టు కాదన్నాడు, ఒకడు కళ్ళకి ఆపరేషనన్నాడు. అవతలి పేపరు వేస్తే మనమూ వేద్దామంటారు. అవతలి పేపరు వాళ్ళేమో మేం వేస్తామేమోనని చూస్తున్నారట."

"పేజీ నీదేగా. నువ్వు రాయి."

వాడు మెల్లగా వెనక్కి తిరిగి ఫ్రేము వైపు చూశాడు. "ఏమని రాయమంటావక్కా? ఇదిగో ఈ ముక్కతోనే నా ఉద్యోగం ఖాయమైంది. ఇది చూసే పిల్లనిచ్చారు. అమ్మ వీధంతా తిప్పి చూపించింది." మళ్ళీ నా వైపు తిరిగాడు. "బావ నాకు ముందు చెప్పుండాల్సింది. ఒక్కసారి. పుస్తకంలో కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒరేయ్ అని."

"నాకూ చెప్పలేదురా," అన్నాను.

అది నిజం. కానీ ఆ నిజం వల్ల వాడికి గానీ నాకు గానీ ఒరిగిందేమీ లేదు. వాడు కుర్చీ వేసుకుని ఎక్కి ఫ్రేము దింపాడు. "ఇది నేను తీసుకెళ్తాను." తీసుకెళ్ళి ఏం చేస్తావని అడగలేదు. మిగిలిన నీలం గుడ్డలో చుట్టి ఇచ్చాను. గుమ్మం దాటుతుంటే గుర్తొచ్చి అడిగాను. "రెండు కదరా పట్టుకెళ్ళావు. రెండోదేది?"

"అది... ఉంది," అన్నాడు నా వైపు చూడకుండా. టీ పెట్టాను తాగి వెళ్ళమంటే వినిపించుకోలేదు.

సాయంత్రం ఈయన వచ్చారు. గోడ మీద ఫ్రేము ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉంది. దాన్ని చూశారు, బల్ల మీది పుస్తకాన్ని చూశారు. జరిగింది చెప్పాను. పుస్తకం చేతిలోకి తీసుకుని ఒక్కో పేజీ తిప్పారు. ఎవరో పెన్సిలుతో గీతలు పెట్టారు. ఎవరో ఒక చోట మార్జిన్లో 'అవును' అని రాసి, మళ్ళీ రబ్బరుతో చెరిపారు.

"చదివారన్నమాట," అన్నారు. పుస్తకం మూసి, "చదవలేదేమో అనుకున్నన్నాళ్ళూ బాగుంది," అన్నారు.

ఆ ఆదివారం పేపరు విప్పలేదు. ఆ తర్వాత విప్పడమే మానేశారు. మళ్ళీ పాత రాయి అయిపోయారు. ఒకప్పుడు ఆ మౌనం ఆయన ఉద్యోగం, దాన్ని నేను భరించాను. ఇప్పుడు ఊరంతా కలిసి ఆయన మీద అదే మోపింది, ఆయన భరించలేకపోతున్నారు. నాకు జాలేసింది, కచ్చగానూ ఉంది. చెప్పుకుందామంటే తమ్ముడు లేడు. ఆ ఇంట్లో శబ్దమంటే నా మిషనుదే.

నాకు ఉండబట్టలేదు. ఒక రోజు యూనిఫారాలు ఇచ్చి వస్తానని చెప్పి, ఒక పుస్తకం పట్టుకుని ఆ టీచరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను.

చిన్న ఇల్లు. ముందుగదిలో నల్లబల్ల, ట్యూషను పిల్లల కోసం రెండు బెంచీలు. అంత ఎండలోనూ వీధి వైపు కిటికీ బిగించి ఉంది, దానికి అడ్డంగా మందపాటి పరదా. కుట్టేదాన్ని కదా, ముందు పరదా మీదికే పోయింది నా చూపు. ఏళ్ళ తరబడి జరపని పరదా మడతలు ఎలా బిరుసెక్కిపోతాయో నాకు తెలుసు. నేనెవరో చెప్పాను. ఆవిడ పొమ్మనలేదు, కూర్చోమనలేదు. నిలబడే ఆ అధ్యాయం చదివారు. చదివి పుస్తకం మూసి నా చేతికే ఇచ్చారు.

"ఇందులో నాకు తెలియనిదేముందమ్మా? నేను డబ్బు తీసుకోలేదని నాకు తెలుసుగా. తెలియనిది వాళ్ళకి." మూసి ఉన్న కిటికీ వైపు చూపించారు. "అప్పటివాళ్ళు సగం మంది ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినవాళ్ళకి కూడా ఎవరో ఒకరు చెప్పేస్తారు. పిల్లల్ని ట్యూషనుకి పంపుతారు, లెక్కలు బాగా చెబుతానని. గుమ్మం బయటే నిలబడి తీసుకుపోతారు."

ఆవిడ నా వైపు తిరిగారు.

"మీ ఆయన రాలేదేం?"

"పేపర్లో వచ్చాక, అప్పుడు వద్దామని..."

"పేపర్లో వచ్చాకా!" ఆవిడ నవ్వారు. ఆ నవ్వు వినడం కష్టమైంది. "ఇది నాకెందుకమ్మా, ఎదురింటాయనకివ్వండి. పొద్దున్నే పేపరు మొత్తం చదివి గానీ కాఫీ ముట్టడు."

ఇంటికొచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఈయన విన్నారు. ఆవిడ నవ్విందని చెప్పినప్పుడు తల దించుకున్నారు.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి సంచి తలుపు దగ్గర లేదు. ముందుగదిలోకి పరుగెత్తి చూస్తే, బట్టలూ తువ్వాలూ మాత్రలూ నా కత్తిరింపు బల్ల మీద వరసగా ఉన్నాయి. ఈయన నేల మీద కూర్చుని సంచి నిండా పుస్తకాలు సర్దుతున్నారు. అన్నిటికంటే పైన ఆఫీసు నుంచి వచ్చిన ఆ నలిగిన ప్రతి పెట్టారు.

"ఆ వీధి నాకు తెలీదు. దారి చూపిస్తావా?" అన్నారు.

సంచి బరువు. చెరో పిడి పట్టుకుని నడిచాం. ముందు టీచరమ్మ ఇంటి ఎదురు గేటు తట్టాం. ముసలాయన మర్యాదస్తుడు. ఎండలో వచ్చారంటూ మంచినీళ్ళిచ్చి, వరండాలో కుర్చీలు వేశాడు. ఈయన ఎదురింటి పేరెత్తగానే ఆయన గొంతు తగ్గించాడు.

"ఆవిడ సంగతి మీకు తెలీదేమో. విదేశాల నుంచి డబ్బు తెప్పించుకుని సమ్మె నడిపింది. పేపర్లో పడింది." ఎప్పటి వార్త! నా ఫ్రేములో ఉన్న మాటలు ఉన్నట్టుగా అప్పజెప్పాడు.

"అది అబద్ధమండీ. ఆ వార్త రాసిచ్చింది నేనే," అన్నారు ఈయన. "ఈ పుస్తకంలో అంతా రాశాను."

ముసలాయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇబ్బందిగా నవ్వాడు. "ఏమో సార్, అంత పెద్ద విషయం నిజమైతే పేపర్లో రాదా? నేను రోజూ చదువుతాను. ఎక్కడా రాలేదే."

నేను ఊరుకోలేకపోయాను. నలిగిన ప్రతి తీసి ఆయన ముందు పెట్టాను. "చూడండి, ఇది పేపరాఫీసులో అందరూ చదివిన పుస్తకం. పై నుంచి కింది దాకా ఒక్కరు వదలకుండా చదివారు!"

ఆయన దాన్ని చూశాడు. టీ మరక మీద వేలు పెట్టాడు. చాలా మెత్తగా, నాకు నచ్చజెబుతున్నట్టుగా అన్నాడు. "అంతమంది చదివి కూడా వెయ్యలేదంటే, అందులో ఏమీ లేదనేగా తల్లీ?"

జవాబు చెబుతారని ఈయన వైపు చూశాను. ఈయన వాదించలేదు. "మీ నమ్మకం సంగతి నాకు తెలుసండీ. ఇన్నేళ్ళూ నా జీతం దాని మీదే," అన్నారు. ముసలాయనకి అర్థం కాలేదు. గేటు దాకా వచ్చి సాగనంపి, జాగ్రత్తగా గడియ వేసుకున్నాడు.

రోడ్డు మీద నిలబడ్డాం. ఎదురుగా టీచరమ్మ కిటికీ మూసే ఉంది. ఇంటికెళ్ళిపోదామంటారేమో అనుకున్నాను. నిజానికి అంటే బాగుండుననుకున్నాను. ఈయన తన వైపు పిడి పట్టుకున్నారు. నేను నా వైపు పిడి పట్టుకున్నాను.

పక్కింటి గుమ్మంలో ఆదివారం పేపరు విసిరినది విసిరినట్టే పడి ఉంది. గాలికి మధ్య పేజీ తెరుచుకుంది, మా తమ్ముడి పేజీ. ఈయన వంగి దాన్ని తీసి, మట్టి దులిపి, పేజీలు సరిచేసి మడత పెట్టారు. తలుపు కొట్టారు. ఎవరో ఒకావిడ, నిద్రమొహంతో వచ్చి తలుపు తీసింది.

"పేపరండీ," అని ముందు అది ఆవిడ చేతికిచ్చి, తర్వాత సంచిలో చెయ్యి పెట్టారు.